పరిశోధన ప్రశ్నను గ్రంథాలయాధికారి ముందుంచడం ఎలా? – కోనసీమ సమస్యల ఆధారంగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

2016వ సంవత్సరంలో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతపు కొబ్బరి తోటలలో ఒక కొత్త తెల్లదోమ కనిపించింది. అనతికాలంలోనే కడియం నర్సరీలలోను, కోనసీమ కొబ్బరి తోటలలోను దాని ఉనికి బయటపడింది. ఆకుల అడుగుభాగాన తెల్లని మైనపు వలయాలు, కింది ఆకుల మీద తేనెవంటి జిగురు, ఆ జిగురుపై పెరిగే నల్లని మసి దీని లక్షణాలు. ఇటువంటి తోటలో నిలబడిన విస్తరణ శాస్త్రవేత్తను రైతు అడిగే మొదటి ప్రశ్న సహజంగా ఒక్కటే: "ఏ మందు కొట్టమంటారండీ?"

ఈ ప్రశ్నకు కావలసిన సమాచారంలో కొంత అప్పటికే అచ్చులో ఉంది. ఈ కీటకాన్ని 2004లో మధ్య అమెరికాలోని బెలీజ్ దేశం నుంచి శాస్త్రీయంగా వర్ణించారు. 2009 నుంచి అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో దానిపై పరిశీలనలు జరిగాయి. దానిని అదుపులో ఉంచే పరాన్నజీవి కీటకాల సమాచారం కూడా లభ్యమైంది. అయితే అలవాటైన రెండు మూడు పదాలతో వెదికిన వారికి ఆ సాహిత్యంలో పెద్ద భాగం కంటబడదు. అందుకు కారణాలేమిటో, అక్కడ గ్రంథాలయాధికారి ఏ విధంగా తోడ్పడగలరో, ఆ తోడ్పాటు పొందడానికి మన వైపు నుంచి ఏమి సిద్ధం చేసుకోవాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రశ్న వెనుక ఉన్న ప్రశ్న

పాఠకునికి గ్రంథాలయ సిబ్బంది వ్యక్తిగతంగా సహాయపడాలన్న భావనను 1876లో అమెరికాలోని వూస్టర్ ప్రజా గ్రంథాలయానికి చెందిన శామ్యూల్ స్వెట్ గ్రీన్ స్పష్టంగా ప్రతిపాదించారు. మన దేశంలో 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా చేరిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాలలో ఈ సేవకు తాత్త్విక పునాది వేశారు. పాఠకుని కాలం వృథా కారాదన్నది వాటిలో నాల్గవ సూత్రం సారం.

1968లో రాబర్ట్ టేలర్ అనే పండితుడు ఈ విషయాన్ని మరింత లోతుగా పరిశీలించారు. ఆయన ప్రకారం సమాచార అవసరం నాలుగు దశలు దాటి గ్రంథాలయానికి చేరుతుంది. మొదట అది మాటలకు అందని అసంతృప్తి. తరువాత మనసులో అస్పష్టమైన ఆలోచన. ఆపైన ఒక స్పష్టమైన ప్రశ్న. చివరగా, గ్రంథాలయంలో దొరకవచ్చునని మనం ఊహించుకున్న దానికి తగినట్లు కుదించుకున్న ప్రశ్న. మనం సాధారణంగా గ్రంథాలయాధికారికి ఇచ్చేది ఈ నాల్గవ దానినే.

ఉదాహరణకు ఒక విద్యార్థి గ్రంథాలయానికి వచ్చి "కొబ్బరి పుస్తకాలు ఎక్కడున్నాయండీ?" అని అడిగినాడనుకుందాం. ఆ ప్రశ్నకు సమాధానం ఒక బీరువా. అదే విద్యార్థి "అంబాజీపేట మండలంలో తెల్లదోమ సోకిన తోటలను గమనిస్తున్నాను. రసాయన మందు కొట్టిన తోటల్లోను, కొట్టని తోటల్లోను పరాన్నజీవుల సంఖ్యలో తేడా ఉంటుందేమోనని అనుమానం. దీనిపై ఇతర దేశాలలో పని జరిగిందా?" అని అడిగితే ఒక పరిశోధన సంభాషణ మొదలవుతుంది. ఇద్దరి అవసరమూ ఒకటే. రెండవ విద్యార్థి దానిని కుదించకుండా చెప్పినాడు. గ్రంథాలయాధికారికి మన శాస్త్రం అంతగా తెలియదేమోనన్న సంకోచంతో చాలామంది ప్రశ్నను చిన్నది చేస్తారు. శాస్త్రం మనకు తెలిస్తే చాలు. ఆ శాస్త్రం ఏ పేర్లతో, ఏ చోట్ల, ఏ రూపంలో భద్రమై ఉన్నదో వారికి తెలుసు.

ఒకే జీవి, అనేక నామాలు

తెల్లదోమ ఉదాహరణనే కొంత వివరంగా చూద్దాం. రైతు నోట అది "తెల్లదోమ". తెలుగు వ్యాసాలలో "సర్పిలాకార తెల్లదోమ". కొన్ని పత్రికలలో అదే మాట "సర్పలాకార" అని కూడా కనిపిస్తుంది. ఆంగ్లంలో "రుగోస్ స్పైరలింగ్ వైట్‌ఫ్లై". ఇక్కడ మొదటి చిక్కు వర్ణక్రమానిది. "స్పైరలింగ్" అన్న మాటను మన దేశంలో బ్రిటిష్ పద్ధతిలో రెండు "ఎల్" అక్షరాలతో రాస్తారు. ఫ్లోరిడా శాస్త్రవేత్తలు ఒకే "ఎల్"తో రాస్తారు. పైగా ఫ్లోరిడాలో తొలినాళ్ళలో దీనిని "గంబో లింబో స్పైరలింగ్ వైట్‌ఫ్లై" అని వ్యవహరించారు. గంబో లింబో అక్కడి ఒక చెట్టు పేరు. కొబ్బరి అన్న మాటను తప్పనిసరి చేసి వెదికితే ఆ చెట్టుపై జరిగిన పరిశీలనలు రాకపోవచ్చు.

రెండవ చిక్కు మరింత ప్రమాదకరమైనది. "స్పైరలింగ్ వైట్‌ఫ్లై" అని మాత్రమే వెదికితే భారతీయ సాహిత్యం పుష్కలంగానే వస్తుంది. కానీ 2016కు ముందుదంతా వేరొక జాతికి, అంటే 1990ల నుంచి మన దేశంలో ఉన్న అల్యూరోడికస్ డిస్పర్సస్‌కు చెందినది. కొబ్బరిపై వచ్చినది అల్యూరోడికస్ రుజియోపెర్కులేటస్. పేరు దగ్గరగా ఉన్నంత మాత్రాన ఒక జాతిపై వచ్చిన ఫలితాలను మరొక జాతికి అన్వయించరాదు. ఆ తరువాతి కాలంలో బొండార్ గూటి తెల్లదోమ వంటి మరికొన్ని విదేశీ జాతులు కూడా మన కొబ్బరిని ఆశించినందున, రైతు చెప్పిన "తెల్లదోమ" అన్న ఒక్క మాట వెనుక ఒకటికి మించిన జాతులు ఉండవచ్చు.

మూడవది జీవనియంత్రణ సాహిత్యం. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఈ తెల్లదోమపై ఐసేరియా ఫ్యూమోసోరోసియా అనే శిలీంధ్రాన్ని వృద్ధిచేసి రైతులకు అందించింది. ఈ శిలీంధ్రానికి పూర్వనామం పేసిలోమైసిస్ ఫ్యూమోసోరోసియస్. వర్గీకరణలో వచ్చిన మార్పుల వల్ల ఇటీవలి వ్యాసాలు దానిని కార్డిసెప్స్ ఫ్యూమోసోరోసియా అంటున్నాయి. ఈ మూడు పేర్లలో ఒక్కదానితో వెదికిన వారికి మిగిలిన రెండు పేర్ల కింద ఉన్న సాహిత్యం అందకపోవచ్చు.

ఈ లోపం వల్ల కలిగే నష్టం సిద్ధాంత గ్రంథపు పేజీలకే పరిమితం కాదు. ఎన్‌కార్సియా గ్వాడలూపే అనే చిన్న పరాన్నజీవి ఈ తెల్లదోమను సహజంగా అదుపు చేస్తుంది. రసాయన మందుల పిచికారి ఈ మిత్రకీటకాన్ని కూడా నశింపజేస్తుంది. దీని సమాచారం చేతికి రాని శాస్త్రవేత్త సదుద్దేశంతోనే ఒక మందు పేరు రాసి ఇవ్వవచ్చు. రైతు ఖర్చు పెడతాడు, మిత్రకీటకం పోతుంది, తెల్లదోమ మళ్ళీ పెరుగుతుంది. దశాబ్దాల తరబడి కాపునిచ్చే చెట్టు విషయంలో అసంపూర్ణ సాహిత్య సమీక్ష మూల్యం చెల్లించేది రైతే.

ఇది తెల్లదోమకు మాత్రమే పరిమితమైన చిక్కు కాదు. కొబ్బరి నల్లతల గొంగళి పురుగును నేడు ఒపిసినా అరెనోసెల్లా అంటున్నాం. పాత సాహిత్యమంతా నెఫాంటిస్ సెరినోపా అన్న పేరు కింద ఉంది. గానోడెర్మా తెగులును మన రైతులు సిగ తెగులు అంటారు. తమిళనాడులో 1952 నుంచి అది తంజావూరు విల్ట్, కర్ణాటకలో అనబె రోగ, మరికొన్ని ప్రచురణలలో మొదలు కుళ్ళు అని అర్థమిచ్చే "బేసల్ స్టెమ్ రాట్". వరిలో ఎం.టి.యు. 7029 అన్నా స్వర్ణ అన్నా ఒకటే. ఎం.టి.యు. 1010 అన్నా కాటన్‌దొర సన్నాలు అన్నా ఒకటే. రైతుల సర్వేలలో వాడుక పేరు, ప్రజనన పరిశోధనలలో సంఖ్య కనిపిస్తాయి.

ఇటువంటి పర్యాయపదాలను క్రమబద్ధంగా కూర్చడం గ్రంథాలయాధికారి వృత్తి నైపుణ్యం. పదమూలం తరువాత నక్షత్రపు గుర్తు ఉంచి అన్ని వర్ణక్రమాలను ఒకేసారి పట్టడం, పర్యాయపదాలను "లేదా"తో, భిన్న భావనలను "మరియు"తో కలపడం వారికి నిత్యకృత్యం. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నిర్వహించే ఆగ్రోవోక్ అనే బహుభాషా పదకోశంలో తెలుగు పదాలు కూడా చేరి ఉన్నాయి. రైతు మాట నుంచి ప్రామాణిక పదానికి చేరడానికి అది ఒక మార్గం. అందువల్ల రైతు వాడిన మాటను మన టిప్పణులలో యథాతథంగా రాసుకుని, గ్రంథాలయాధికారికి కూడా యథాతథంగా చెప్పాలి.

స్థలనామం, కాలం

కోనసీమపై పూర్వ సమాచారం వెదికేవారు మరొక విషయం గుర్తుంచుకోవాలి. కోనసీమ జిల్లాగా ఏర్పడినది 2022 ఏప్రిల్ 4న. అంతకు ముందు ఇది తూర్పు గోదావరి జిల్లాలో భాగం. తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి జిల్లాలుగా విభజన జరిగినది 1925లో. దానికి పూర్వపు రికార్డులు చాలావరకు గోదావరి జిల్లా పేరిట ఉంటాయి. 1878లో వెలువడిన హెన్రీ మోరిస్ గ్రంథం, 1907 నాటి హెమింగ్వే గెజిటీర్ ఆ పేరుతోనే ఉన్నాయి. నీటిపారుదల శాఖ పత్రాలలో "కోనసీమ" అన్న మాటకన్న "మధ్య డెల్టా" అన్న మాటే ఎక్కువ. రాజోలు ప్రాంతపు మురుగునీటి పారుదల చరిత్రను "రాజోలు" అన్న పదంతో మాత్రమే వెదికే విద్యార్థి ధవళేశ్వరం ఆనకట్ట నాటి నుంచి పేరుకున్న సమాచారాన్ని తాకకుండానే వెనుదిరగవచ్చు.

పరిపాలనా చరిత్ర కూడా ఇటువంటిదే. 1953 వరకు ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోనిది. కనుక ఆనాటి కొబ్బరి పరిశోధన వివరాలు మద్రాసు వ్యవసాయ శాఖ నివేదికలలోను, మద్రాస్ అగ్రికల్చరల్ జర్నల్‌లోను వెదకాలి. కాసరగోడు కొబ్బరి పరిశోధన కేంద్రం 1916లో ఆరంభమైనది కూడా మద్రాసు ప్రభుత్వ హయాంలోనే.

విశ్వవిద్యాలయాల విషయానికి వస్తే, ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964లో రాజేంద్రనగర్‌లో ఏర్పడి, 1996లో ఆచార్య ఎన్.జి. రంగా పేరు పొందింది. 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం వెంకటరామన్నగూడెం కేంద్రంగా వేరుపడింది. 2014లో రాష్ట్ర విభజనతో రాజేంద్రనగర్ ప్రాంగణం తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందింది. కోనసీమ కొబ్బరిపై 1980లలో సమర్పించిన సిద్ధాంత గ్రంథం నేటి ఉద్యాన విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో లేకపోతే, అది అసలే లేదని అర్థం కాదు. ఎక్కడ వెదకాలో చెప్పగలవారు గ్రంథాలయాధికారి.

పత్రికలకెక్కని సమాచారం

విస్తరణ పరిశోధనకు అవసరమైన సమాచారంలో చాలా భాగం శాస్త్ర పత్రికలలో ఉండదు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు ప్రకటించిన పంట విరామం ఇందుకు మంచి ఉదాహరణ. ఆ సమస్య అధ్యయనానికి రాష్ట్ర ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. ఆ సంఘపు నివేదిక ఈ అంశంపై పనిచేసే ఏ విద్యార్థికైనా మూలాధారం. కానీ అది ప్రభుత్వ నివేదిక. పత్రికా వ్యాసాల సూచికలలో వెదికితే దొరకదు. 2022లో మళ్ళీ పంట విరామం మాట వినిపించినప్పుడు ఆ రెండు సందర్భాలను పోల్చదలచిన వారికి ప్రభుత్వ నివేదికలు, దినపత్రికల పాత సంచికలు, వర్షపాతం, సాగు విస్తీర్ణం గణాంకాలు, సిద్ధాంత గ్రంథాలు అన్నీ అవసరం. ఇవి ఒక్కొక్కటి ఒక్కొక్క చోట ఉంటాయి.

ఇంకొక సూక్ష్మం: "క్రాప్ హాలిడే" అన్నది మన ప్రాంతపు వాడుక. ఇతర దేశాల సాహిత్యంలో ఇటువంటి పరిణామాలను సాగుభూమి పరిత్యాగం, బీడు వదలడం, రైతుల నిరసన వంటి వేర్వేరు శీర్షికల కింద చర్చిస్తారు. ఆ శీర్షికలను గుర్తించడం ఒక్క మనిషి పని కాదు. విషయం తెలిసిన పరిశోధకుడు, వర్గీకరణ తెలిసిన గ్రంథాలయాధికారి కలిసి కూర్చుంటేనే అది సాధ్యం.

సంప్రదించే ముందు సిద్ధం చేసుకోవలసినవి

గ్రంథాలయాధికారిని కలిసే ముందు ఈ క్రింది అంశాలను ఒక కాగితంపై రాసుకోవడం మేలు.

1. సమస్య: రెండు మూడు పూర్తి వాక్యాలలో. కేవలం పదాల జాబితా చాలదు.

2. ఉద్దేశం: సిద్ధాంత గ్రంథమా, ప్రాజెక్టు ప్రతిపాదనా, రైతులకు ఇవ్వవలసిన తక్షణ సిఫారసా? వీటికి కావలసిన సాహిత్యపు లోతు వేర్వేరు.

3. పరిధి: ఏ పంట, ఏ ప్రాంతం, ఏ కాలం, ఏ భాషలు.

4. పేర్లు: రైతు వాడుక, తెలుగు నామం, ఆంగ్ల నామం, శాస్త్రీయ నామం, తెలిసినంతవరకు పూర్వనామాలు.

5. ఇప్పటికే చూసినవి: ఏ ఆధారాలలో, ఏ పదాలతో, ఏ తేదీన వెదికారో. ఏమీ దొరకని ప్రయత్నాలను కూడా చెప్పాలి.

6. ఉపయోగపడిన ఒకటి రెండు వ్యాసాలు: వాటి ఆధార గ్రంథాల నుంచి వెనుకకు, వాటిని ఉదహరించిన వ్యాసాల ద్వారా ముందుకు వెళ్ళవచ్చు.

7. గడువు: "అత్యవసరం" అని కాక, తేదీ చెప్పాలి.

ఈ అంశాలతో ఒక నమూనా విజ్ఞాపన ఇలా ఉండవచ్చు:

"గౌరవనీయులైన గ్రంథాలయాధికారి గారికి నమస్కారములు. నేను ఉద్యాన కీటకశాస్త్రంలో స్నాతకోత్తర విద్యార్థిని. కొత్తపేట, అంబాజీపేట మండలాలలో కొబ్బరిపై సర్పిలాకార తెల్లదోమ, దాని పరాన్నజీవులపై పరిశీలన చేయదలచాను. రసాయన మందుల వాడకం పరాన్నజీవులపై చూపే ప్రభావం నా ముఖ్య ప్రశ్న. 2004 నుంచి నేటివరకు ఏ దేశంలో జరిగిన పని అయినా ఉపయోగమే. కృషికోశ్‌లోను, సెరాలోను ఆంగ్ల నామంతో వెదికాను. భారతీయ వ్యాసాలు దొరికాయి, విదేశీ వ్యాసాలు దాదాపు దొరకలేదు. నేను వాడిన పదాలను, ఉపయోగపడిన రెండు వ్యాసాలను జతపరుస్తున్నాను. సారాంశ ప్రతిపాదన సమర్పణకు నెల గడువున్నది. మీకు వీలైన రోజున అరగంట సమయం ఇవ్వగలరని ప్రార్థన."

ఈ విజ్ఞాపన చదివిన గ్రంథాలయాధికారి కలవక ముందే పని మొదలుపెట్టగలరు. విదేశీ వ్యాసాలు దొరకలేదన్న ఒక్క వాక్యమే వర్ణక్రమం చిక్కును వారికి స్ఫురింపజేస్తుంది.

అందుబాటులో ఉన్న ఆధారాలు

భారత వ్యవసాయ పరిశోధన మండలి 2007లో ఏర్పాటు చేసిన సెరా అనే ఈ-వనరుల సమాఖ్య ద్వారా వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు అనేక పత్రికలు అందుతున్నాయి. చందా లేని వ్యాసాలను ఇతర సభ్య గ్రంథాలయాల నుంచి తెప్పించుకునే సదుపాయం కూడా అందులో ఉంది. ఈ సదుపాయం సంగతి తెలియక, సారాంశం మాత్రమే చదివి వ్యాసాన్ని ఉదహరించే విద్యార్థులు ఉన్నారు. ఇది సరికాదు. వ్యవసాయ సిద్ధాంత గ్రంథాలకు కృషికోశ్, ఇతర విశ్వవిద్యాలయాల వాటికి శోధ్‌గంగ ఉన్నాయి. అంతర్జాతీయ సాహిత్యానికి ఆగ్రిస్, క్యాబ్ ఆబ్‌స్ట్రాక్ట్స్ ముఖ్యమైనవి.

అంబాజీపేట వంటి పరిశోధన స్థానాలలో పనిచేసేవారు విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి వెళ్ళాలంటే వశిష్ఠ గోదావరి దాటి ఒక పూట ప్రయాణం చేయాలి. ఈ-మెయిల్ ద్వారా పైన చూపిన విధంగా రాస్తే ఆ ప్రయాణం చాలావరకు తప్పుతుంది. వెళ్ళక తప్పని పక్షంలో, వెళ్ళిన రోజు పూర్తిగా ఫలిస్తుంది.

ఇటీవల కృత్రిమ మేధ సాధనాలతో ఆధార గ్రంథాల జాబితాలు తయారు చేయించుకోవడం పెరిగింది. అవి లేని వ్యాసాలను ఉన్నట్లుగా, నమ్మదగిన శీర్షికలతో చూపించే సందర్భాలు ఉన్నాయి. అటువంటి జాబితాలోని ప్రతి అంశాన్నీ మూలంలో సరిచూచుకోనిదే వాడరాదు. సందేహం కలిగిన దానిని గ్రంథాలయాధికారికి చూపితే నిజానిజాలు తేలుతాయి.

సంప్రదించిన తరువాత

మొదటిసారి ఇచ్చిన జాబితాతో పని పూర్తయినట్లు భావించరాదు. వాటిలో ఏవి పనికివచ్చాయో, ఏవి రాలేదో, ఎందుకు రాలేదో తెలియజేస్తే గ్రంథాలయాధికారి రెండవ విడత శోధనను సరిదిద్దగలరు. వాడిన పదాలు, ఆధారాలు, తేదీలు, వచ్చిన ఫలితాల సంఖ్యను ఒక పుస్తకంలో నమోదు చేసుకోవాలి. సిద్ధాంత గ్రంథంలో శోధన విధానాన్ని వివరించడానికి అది ఆధారమవుతుంది. కొత్త వ్యాసం వెలువడిన వెంటనే తెలిసేటట్లు సూచనలు ఏర్పాటు చేయమని కూడా కోరవచ్చు.

గ్రంథాలయాధికారి చేయలేని పనులు కూడా ఉన్నాయి. ఒక ప్రయోగ ఫలితం కోనసీమ ఒండ్రు నేలకు, ఇక్కడి తేమకు వర్తిస్తుందో లేదో నిర్ణయించవలసినది శాస్త్రవేత్తే. వ్యాసాలను చదివి సమీక్ష రాయవలసినది విద్యార్థే. ఈ హద్దు ఇద్దరికీ స్పష్టంగా ఉంటే పరస్పర గౌరవం నిలుస్తుంది. అలాగే, వారి సహాయాన్ని కృతజ్ఞతల పేజీలో ప్రస్తావించడం మర్యాద.

విస్తరణ శాస్త్రవేత్తల వైపు నుంచి మరొక బాధ్యత ఉంది. మనం ప్రచురించే కరపత్రాలు, శిక్షణ పుస్తకాలు, క్షేత్ర పరిశీలన నివేదికల ప్రతులను గ్రంథాలయానికి ఇవ్వాలి. వాటిపై సంవత్సరం, మండలం, రైతు వాడుక నామం, శాస్త్రీయ నామం నాలుగూ ఉండేటట్లు చూడాలి. ఇవి లేని కరపత్రం పదేళ్ళ తరువాత ఎవరికీ దొరకదు, దొరికినా ఉదహరించడానికి పనికిరాదు.

ముగింపు

తూర్పు గోదావరి జిల్లా కొంకుదురులో జన్మించిన అయ్యంకి వెంకటరమణయ్య వంటివారి కృషితో 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడి, పుస్తకాన్ని పాఠకుని వద్దకు చేర్చడం ఒక ఉద్యమంగా సాగింది. నేడు వ్యాసాలు తెర మీదికే వస్తున్నాయి. లోపిస్తున్నది ప్రశ్నను గ్రంథాలయం వద్దకు తీసుకువెళ్ళే అలవాటు. స్నాతకోత్తర విద్యార్థి తన పరిశోధన అంశం ఖరారైన మొదటి నెలలోనే, సారాంశ ప్రతిపాదన రాయక ముందే, పైన సూచించిన కాగితంతో గ్రంథాలయాధికారిని కలవడం విభాగాలలో ఒక నియమంగా పాటించదగినది. విస్తరణ శాస్త్రవేత్త కొత్త పురుగును గాని, కొత్త తెగులును గాని చూసిన రోజున, మందు పేరు రాయక ముందే, ఆ లక్షణాలను, రైతు చెప్పిన మాటలను గ్రంథాలయానికి పంపడం కూడా అటువంటిదే. "ఏ మందు కొట్టమంటారండీ?" అన్న ప్రశ్నకు "ఈ తోటలో ఇప్పుడు మందు వద్దండి, మిత్రకీటకం పనిచేస్తోంది" అని ధైర్యంగా చెప్పగలగడానికి ఆ ఒక్క అడుగు తోడ్పడుతుంది.